పగులు కాదు, ముందు మెడ చూడండి

పాత గిటారు పట్టుకొచ్చినవాళ్లు ముందుగా వేలు పెట్టి చూపించేది పగులే. "అంకుల్, ఇదిగో ఇక్కడ చీలింది, బాగవుతాదా?" అంటారు. కంటికి కనబడేది కాబట్టి పగులు భయపెడుతుంది. గిటారు పనికొస్తుందో లేదో తేల్చేది మాత్రం మెడ.

ఆరు ఉక్కు తీగలు శ్రుతిలో ఉంటే సుమారు 70 కిలోల బలంతో మెడను లాగుతుంటాయి. ముప్పై నలభై ఏళ్ల పాటు ఆ లాగుడు ఆగకపోతే మెడ మొదలు ముందుకు వాలుతుంది, బ్రిడ్జి వెనక పైపలక ఉబ్బుతుంది. తీగలు ఎత్తయి వేళ్లు కోసుకుపోతాయి. ఇక గిటారు బీరువా మీదికెక్కుతుంది.

నేను భిలాయి ఉక్కు కర్మాగారం మెషిన్ షాపులో రిటైరైనవాణ్ణి. చెవికన్నా ముందు స్కేలునే నమ్ముతాను. సెక్టర్ 4లో మా వరండాలోకి ఏ గిటారు వచ్చినా 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలును తీగల మధ్యగా ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జి దాకా జరుపుతాను. దాని కొస బ్రిడ్జి పైఅంచును ఒరుసుకుంటే మెడ బాగున్నట్టు, బ్రిడ్జి నడుముకు గుద్దుకుంటే కోణం పోయినట్టు. తర్వాత పన్నెండో ఫ్రెట్టు మీద తీగల ఎత్తు. లావు తీగకు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకు రెండుకు కాస్త లోపు ఉంటే చేతికి హాయి.

ట్రస్ రాడ్ తిప్పితే సరిపోదా అంటారు కుర్రాళ్లు. సరిపోదు. మెడ లోపలి ఆ కడ్డీకి గిబ్సన్ కంపెనీ 1920ల్లోనే పేటెంటు తీసుకుంది. అది మెడ నడుములో వంపును సవరిస్తుంది, అంతే. మెడా డొక్కా కలిసేచోట పోయిన కోణం దానితో తిరిగి రాదు, బిగిస్తూ పోతే కడ్డీయే తెగుతుంది. మార్టిన్ కంపెనీవాళ్లయితే తిప్పుకునే కడ్డీని 1985లో గానీ పెట్టలేదు. అంతకు ముందువాటిలో నట్టు కోసం వెతకడం దండగ.

అసలు మందు మెడను ఊడదీసి మళ్లీ అతకడం. ఇక్కడే పాత రిపేర్లు పగబడతాయి. వెనకటి పద్ధతిలో జంతుచర్మపు జిగురుతో అతికిన కీలు ఆవిరి పడితే మెత్తబడి వదులుతుంది. మధ్యలో ఎవరో ఎపాక్సీ పోసి ఉంటే అంత సులువుగా వదలదు, మొండిగా లాగితే చెక్క చీలుతుంది. అందుకే కొనబోయే ముందు టార్చి, చిన్న అద్దం తీసుకుని సౌండ్‌హోల్లోంచి లోపలికి చూడమంటాను. గట్టిపడి మెరిసే జిగురు చారలు, గోరుతో తడితే గలగలమనే బ్రేసులు, విజిటింగ్ కార్డు దూరేంతగా లేచిన బ్రిడ్జి కనబడితే బేరం అక్కడినుంచి మొదలుపెట్టాలి.

పగులు సంగతీ చెప్పాలి. మా భిలాయిలో మే నెల ఎండకు చెక్క ఎండిపోతుంది. వానలు పడగానే నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. అందువల్ల శ్రావణంలో మూసుకున్న పగులును చూసి 'మానిపోయింది' అనుకోకూడదు. కొందరు కూలర్ ఎదురుగా గిటారు వేలాడదీస్తారు, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! సౌండ్‌హోల్ అంచు చూస్తే పైపలక ఏమిటో తెలుస్తుంది: పైనున్న గీతలు అంచులోకీ దిగితే ఒకే చెక్క, పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ఒకే చెక్కయితే తేమ చూసుకుని జిగురు పట్టించి, లోపల చిన్న స్ప్రూస్ బిళ్లలు పగులుకు అడ్డంగా అతికితే పని ముగుస్తుంది. ప్లైవుడ్డయితే పగులు జోలికి నేను తొందరగా వెళ్లను.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ గిటార్లు కనబడతాయి. ఎక్కువగా కోల్‌కతాలో చేసిన గివ్‌సన్లు. హౌరా లైను మన ఊరి మీదుగానే కదా. మెడ ఊడదీసి అతికితే వాటి ఖరీదుకన్నా పని ఖరీదే ఎక్కువ. ఆ మాట దాచకుండా చెబుతాను. అయినా "నాన్న గిటారు అంకుల్" అంటే ముందు సాడిల్ అరగదీస్తాను. అదీ చాలకపోతే సన్న తీగలు వేసి అర స్వరం దించి శ్రుతి చేసుకోమంటాను. పాడేవాళ్లకు ఆ శ్రుతి కుదరకపోతే మొదటి ఫ్రెట్టు మీద కాపో బిగించుకుంటే సరి.