మూడు రోజుల్లో ఫ్లామెంకో ఎంత వస్తుంది?

ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లలకు చప్పట్లు కొడుతూ వలయంగా తిరగడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. బతుకమ్మ ఆడేటప్పుడు అమ్మ పక్కన నిలబడితే అదే వస్తుంది. స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో, ముఖ్యంగా హెరెస్, సెవియా పట్టణాల జిప్సీ కుటుంబాల్లో, ఫ్లామెంకో కూడా ఇలా ఇంటి చప్పట్లతోనే పిల్లలకు అబ్బుతుంది. పై దేశం నుంచి అతిథి గురువు వచ్చి మూడు రోజుల వర్క్‌షాప్ పెడితే పిల్లల్ని పంపాలా అంటే, పంపండి. అయితే డాన్స్ వచ్చేస్తుందని కాదు, తాళం చెవిన పడుతుందని.

ఆ తాళాన్ని అక్కడ కొంపాస్ అంటారు. నిదానంగా సాగే సోలెయా అనే రకంలోనూ, హుషారైన బులెరియా అనే రకంలోనూ ఒక ఆవర్తానికి 12 మాత్రలు. దెబ్బ మాత్రం సమంగా పడదు. 12, 3, 6, 8, 10 అంకెల మీద పడుతుంది. లెక్క ఒకటితో కాక పన్నెండుతో ఎత్తుకుంటే మూడు, మూడు, రెండు, రెండు, రెండు. కూచిపూడి నేర్చిన పిల్లను అడగండి, తడుముకోకుండా చెబుతుంది: తకిట తకిట తక తక తక. సెగిరియా అనే మరో రకంలో ఇవే ముక్కలు చోటు మారతాయి: తక తక తకిట తకిట తక. యూరప్ విద్యార్థులు చాలామంది తడబడేది ఇక్కడే. జతులు నోటికి వచ్చిన మన పిల్లలకు సగం పని ముందే అయిపోయినట్టు.

మిగతా సగం తేలిక కాదు. చప్పట్లలోనే రెండు రకాలున్నాయి. అరచేతులు దోసిలిలా వంచి కొడితే మెత్తని మోత, వేళ్లతో అరచేతి మీద కొడితే పదునైన మోత. గాయకుడు పాడుతుంటే మెత్తగా కొట్టాలి, కాళ్లు జోరందుకుంటే పదును పెంచాలి. పాట, గిటార్, నాట్యం మూడూ ఒకదాన్నొకటి వింటూ నడుస్తాయి. ఇక పాట ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా నర్తకి పాదంతో సైగ చేస్తుంది. రికార్డు పెట్టి నేర్పితే ఈ సైగ ఎవరికీ వినపడదు. అందుకే గిటారిస్టు లేని వర్క్‌షాప్‌కు నేను సగం మార్కులే వేస్తాను.

మన నాట్యంలో ఉత్త పాదాలు, గజ్జెలు. అక్కడ ముందు భాగంలోనూ మడమలోనూ మేకులు దిగ్గొట్టిన బూట్లు. వాటితో కొట్టాల్సింది చెక్క నేల మీద. ఫంక్షన్ హాలు గ్రానైట్ మీద రోజంతా కొడితే మోకాళ్లు పట్టేస్తాయి, మోత కూడా సరిగ్గా పలకదు.

ఈ జిప్సీల, అంటే రోమా ప్రజల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం వైపు నుంచి వెళ్లారని భాషాశాస్త్రం, జన్యుశాస్త్రం రెండూ చెబుతున్నాయి. అది పట్టుకొని 'కథక్ నుంచే ఫ్లామెంకో పుట్టింది' అని వేదికల మీద ఘనంగా ప్రకటిస్తారు. నమ్మకండి. జిప్సీల పాట, ఆండలూసియా జానపదం, ఇంకా అనేక పాయలు కలిసి ఫ్లామెంకో ఇప్పటి రూపు దిద్దుకున్నది 18, 19 శతాబ్దాల్లో. 2010లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

హెరెస్‌లో ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో పెద్ద ఫ్లామెంకో ఉత్సవం జరుగుతుంది. దేశదేశాల విద్యార్థులు అక్కడి తరగతులకు వెళతారు. మన దగ్గర ఆ నెలలు పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు, అప్పుడు శిబిరం పెడితే హాలు ఖాళీ. వేసవి సెలవులే నయం. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఇక్కడి నుంచి వెళ్లిన కూచిపూడి గురువులు సెలవుల్లో నేర్పుతున్న పద్ధతీ అదే. అక్కడ గురువు వెళ్లాక సాధన చేయించే స్థానిక టీచర్ ఒకరుంటారు, అందుకే చదువు నిలుస్తుంది.

నిర్వాహకులకు ఒక మనవి: మొదటి రోజు బూట్లు తొడిగించకండి, చప్పట్లు కొట్టించండి. ఊళ్లోని డాన్స్ టీచర్‌ను ఫీజు లేకుండా ముందు వరుసలో నిలబెట్టండి. ప్లైవుడ్ పలకలు మాత్రం ముందే తెప్పించండి.