కాడి మీద ఎంత బరువు?

మార్గశిరం చివర్లో నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. పశువుల సంతకు పెట్టింది పేరు. ఎర్ర కంధారి ఎడ్లకు పేరిచ్చిన కంధార్ ఉన్నదీ ఈ జిల్లాలోనే. సంతలో ఎద్దును బేరమాడే రైతు కొమ్ములు చూసి మురిసిపోడు. మెడ తడుముతాడు, గిట్టలు చూస్తాడు, పదడుగులు నడిపిస్తాడు. కారు వెనక చిన్న క్యారవాన్ ట్రైలర్ తగిలించుకుని ఊళ్లు తిరగాలనుకునేవాళ్లు షోరూమ్‌కు వెళ్లేముందు ఈ సంత చూడాలంటాను.

2021లో మహారాష్ట్ర క్యారవాన్ పర్యాటక విధానం తెచ్చింది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి ఇంజనూ ఇల్లూ ఒకటిగా ఉన్నవే. విడిగా తగిలించుకునే ఇల్లయితే చిక్కంతా ముందున్న బండితోనే.

ఎడ్లబండి తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి వేస్తే కాడి లేచి, మెడతాడు గొంతు నొక్కుతుంది. ట్రైలర్ కొక్కెం దగ్గరా అదే లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. తగ్గితే వేగం అందుకోగానే ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు తప్పుతుంది.

ఖాళీ ట్రైలర్ 750 కిలోలు అనుకుందాం. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. నిండు గ్యాస్ బండ దాదాపు 30. బ్యాటరీ, పరుపులు, గిన్నెలు, అత్తగారిచ్చిన పచ్చడి జాడీలు కలిస్తే వెయ్యి దాటడం ఎంతసేపు? కొక్కెం మీద పడే 100-150 కిలోలంటే కారులో ఇద్దరు మనుషులు ఎక్కినట్టే. ఏడు సీట్లూ నింపేశాక ఆ ఇద్దరికీ చోటెక్కడ?

హార్స్‌పవర్ అంకె చూసి మోసపోవద్దు. 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ చెరకు ట్రాలీని తాపీగా లాక్కుపోతుంది. అంతకన్నా పవరున్న చిన్న పెట్రోలు కారుతో దాన్ని కదపబోతే క్లచ్ మాడుతుంది. తేడా గేర్లది, చక్రాలది, సొంత బరువుది. కారుల్లోనైతే తక్కువ వేగంలోనే టార్క్ అందించే డీజిల్ ఇంజను, లాడర్ ఫ్రేమ్, ముందు వెనక చక్రాల మధ్య మంచి దూరం ఉన్నవాటికే నా ఓటు. ట్రైలర్ కన్నా కారు బరువుగా ఉండాలి.

సంగారెడ్డి నుంచి దెగ్లూర్ మీదుగా నాందేడ్ చేరే 161వ జాతీయ రహదారి మీద ఏ బండైనా బాగానే లాగుతున్నట్టుంటుంది. పరీక్షంతా మాహూర్ రేణుకాదేవి కొండ దగ్గర. ఎక్కేటప్పుడు ఇంజను కాగితే పక్కన ఆపి చల్లార్చుకోవచ్చు. దిగేటప్పుడు వెనక నుంచి వెయ్యి కిలోలు తోస్తుంటాయి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకుంటే కారు బ్రేకులు కాగి పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి.

బయానా ఇచ్చేముందు, ఎంత బరువు లాగొచ్చో రాసిన పేజీని కారు మాన్యువల్‌లో చూపించమనండి. లాగకూడదని ఉంటే బేరం అక్కడే వదిలేయండి. ట్రైలర్‌ను సామానుతో సహా దగ్గర్లోని ధర్మకాంటా మీద తూచాకే ప్రయాణం కట్టండి.