క్రోల్ పతకం - హిమయుగ పరిశోధకులకు దక్కే గౌరవాలు

భూగర్భ శాస్త్రానికి నోబెల్ బహుమానం లేదు. 1960లో రేడియో కార్బన్ కాలనిర్ణయ పద్ధతికిగాను విల్లార్డ్ లిబ్బీకి ఆ బహుమానం వచ్చిన మాట నిజమే. అయితే అది రసాయన శాస్త్రం పద్దు కింద వచ్చినది. అందువలన భూమి చరిత్రలోని చివరి ఘట్టాన్ని పరిశోధించేవారు తమ పెద్దలను, యువకులను గౌరవించుకొనుటకు సొంత పతకాలు నెలకొల్పుకొన్నారు. ఆ పతకాలు ఎవరి పేరిట ఉన్నవో తెలిసికొన్నచో ఆ శాస్త్ర చరిత్రలో చాలా భాగం తెలిసినట్లే.

ఆ చివరి ఘట్టాన్ని క్వాటర్నరీ యుగం అంటారు. ఇది సుమారు 25 లక్షల 80 వేల సంవత్సరాల క్రితం మొదలై నేటికీ సాగుచున్నదని 2009లో అంతర్జాతీయంగా నిర్ణయించినారు. సుమారు 450 కోట్ల ఏండ్ల భూమి వయస్సులో ఇది నిన్నటి మాట. మంచు పలకలు ఖండాలపైకి పలుమార్లు వ్యాపించి, మరల వెనుదిరిగినది ఈ కాలంలోనే. దీని ఆనవాళ్లు మన తెలుగు నేలలోను కలవు. నంద్యాల జిల్లా జ్వాలాపురం వద్ద మట్టి పొరల నడుమ ఉన్న బూడిద పొర, సుమారు 74 వేల ఏండ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసి వచ్చినది. దానికి పైన, కింద కూడ మానవుడు చెక్కిన రాతి పనిముట్లు దొరికినవి.

బ్రిటన్‌లో ఈ శాస్త్రజ్ఞుల సంఘం 1964లో ఏర్పడినది. దాని అత్యున్నత పురస్కారం జేమ్స్ క్రోల్ పతకం. క్రోల్ ఆచార్యుడు కారు, పట్టభద్రుడు కారు. 1821లో స్కాట్లండ్‌లోని ఒక పల్లెలో పేద ఇంట పుట్టినారు. మిల్లు యంత్రాలు బాగుచేసినారు, వడ్రంగం చేసినారు, తేయాకు దుకాణం పెట్టినారు, హోటలు నడిపినారు, ఇన్సూరెన్సు ఏజెంటుగా తిరిగినారు, ఏదీ కలిసిరాలేదు. 1859లో గ్లాస్గో నగరంలోని ఆండర్సన్ కళాశాలలో భవనం చూచుకొనే నౌకరుగా, మన వాడుకలో చెప్పవలెనంటే చప్రాసీగా, చేరినారు. జీతం స్వల్పం. కాని అక్కడ మంచి గ్రంథాలయం ఉన్నది, దాని తలుపు ఆయనకు మూసి ఉంచలేదు. ఆ కళాశాల చేసిన సేవలలో ఇంతకంటె గొప్పది ఏమున్నదో నాకు తెలియదు. భౌతిక, ఖగోళ గ్రంథాలను తనంతట తాను చదువుకొని, భూకక్ష్యలో వచ్చే మార్పులే హిమయుగాలకు కారణమని 1864లో వ్యాసం ప్రకటించినారు. తెల్లని మంచు సూర్యకాంతిని తిప్పి పంపి చలిని మరింత పెంచుతుందని కూడ గ్రహించినారు. 1876లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

అయితే ఆయన లెక్కలో ఒక లోపం ఉన్నది. చివరి హిమయుగం సుమారు 80 వేల ఏండ్ల క్రితమే ముగిసినదని ఆయన సిద్ధాంతం చెప్పినది. నేలలోని ఆధారాలు అది ఇంకను ఇటీవలిదని తెలిపినవి. దానితో సిద్ధాంతం మూలకు చేరినది. తరువాత సెర్బియా శాస్త్రజ్ఞుడు మిలుటిన్ మిలంకోవిచ్ దానిని మరల చేపట్టి, చలికాలపు తీవ్రత కాదు, ఉత్తరాన వేసవి చల్లబడి మంచు కరగకపోవుటే ముఖ్యమని సవరించినారు. ఐరోపా భూవిజ్ఞాన సంఘం నేడు ఆయన పేరిట పతకం ఇచ్చుచున్నది.

ఋజువు సముద్రగర్భం నుండి వచ్చినది. నీటిలోని ఆక్సిజన్‌లో తేలికది, బరువైనది అని ప్రధానంగా రెండు రకాలు. తేలికది సులభంగా ఆవిరియై, మంచుగా ఖండాలపై నిలిచిపోయినప్పుడు సముద్రంలో బరువైన దాని పాలు పెరుగును. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలలో ఆ లెక్క భద్రంగా ఉండును. కేంబ్రిడ్జికి చెందిన నికొలస్ షాకిల్టన్, హేస్, ఇంబ్రీ అనే సహచరులతో కలిసి, దక్షిణ హిందూ మహాసముద్రపు అడుగు మట్టిలో 4 లక్షల 50 వేల ఏండ్ల చరిత్ర చదివి, కక్ష్య మార్పుల లయ అందులో కనబడుచున్నదని 1976లో నిరూపించినారు. అప్పటికి క్రోల్ గతించి 86 ఏండ్లు.

నోబెల్ పరిధిలోకి రాని శాస్త్రాలకై స్వీడన్ అకాడమీ ఇచ్చే క్రాఫోర్డ్ బహుమానాన్ని 1995లో షాకిల్టన్, డెన్మార్క్‌కు చెందిన విల్లీ డాన్స్‌గార్డ్ పంచుకొన్నారు. డాన్స్‌గార్డ్ పరిశోధన 1952లో తోటలో ఒక ఖాళీ సీసాకు గరాటు అమర్చి వాన నీరు పట్టుటతో మొదలై గ్రీన్‌లాండ్ మంచు లోతులకు సాగినది. ప్రయోగశాల సామగ్రి చాలదని విచారించే విద్యార్థులు ఈ సీసాను గుర్తుంచుకొనవచ్చును.

1928లో ఏర్పడిన అంతర్జాతీయ క్వాటర్నరీ సంఘం రెండు పతకాలు ఇచ్చును. జీవితకాల కృషికి ఇచ్చేది, గాలికి కొట్టుకువచ్చి పేరుకొన్న చైనా ధూళి నేలలను పరిశోధించిన లియు తుంగ్‌షెంగ్ పేరిట ఉన్నది. యువ శాస్త్రజ్ఞులకు ఇచ్చేది షాకిల్టన్ పేరిట ఉన్నది. బ్రిటిష్ సంఘం మాత్రం తన అత్యున్నత పతకానికి, విశ్వవిద్యాలయపు మెట్లు విద్యార్థిగా ఎన్నడూ ఎక్కని క్రోల్ పేరునే ఎంచుకొన్నది.