చెట్టుమీది నేతగాండ్రు

ఎచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత 1901లో చంద్రలోకయాత్రను గూర్చి ఒక నవల వెలువరించెను. అందు చంద్రుని గర్భమున పురుగులవంటి జీవుల సంఘమొకటి కలదు. ఎవని పని వానికి ముందే నిర్ణయమై, ఆ పనికి తగినట్లే వాని దేహము మలచబడును. అట్టి సంఘమును చూచుటకు మనకు చంద్రునిదాక ప్రయాణ మక్కరలేదు. పూతలపట్టు ప్రాంతపు మామిడితోటలలో తలయెత్తి చూచిన చాలును.

కొమ్మల చివర పచ్చియాకులు కొన్ని ఒకదానికొకటి అతుకుకొని బంతివలె నుండును. అతుకులవెంట తెల్లని పట్టువంటి పొర యుండును. అది ఎర్రచీమల గూడు. దానిని కదల్చినవారికి తక్కిన సంగతి వేరుగా చెప్పనక్కరలేదు!

గూడు కట్టు తీరు వినదగినది. పెద్ద పనిచీమలు ఒక ఆకు అంచున వరుసగా నిలిచి, పక్కయాకును కోరలతో పట్టి లాగును. అందనిచో ఒకదాని నడుమును మరియొకటి పట్టుకొని గొలుసు కట్టును. అట్టి గొలుసులు పెక్కు ఒక్కసారి ఈడ్వగా ఆకులు దగ్గరకు వచ్చును. మరి కుట్టుటకు దారమేది? ఎదిగిన చీమకు దారము తీయు శక్తి లేదు. అది పిల్లపురుగునకే కలదు. అందుచే పనిచీమలు పిల్లపురుగులను కోరలతో మెల్లగా పట్టి తెచ్చి, ఈ యంచునకొకమారు, ఆ యంచునకొకమారు తాకించును. మగ్గములో నాడె ఆడినట్లు పిల్ల అటునిటు పోవుచుండగా దాని నోటినుండి పట్టుదారము వెలువడును. పలమనేరు వైపు పట్టుపురుగులను పెంచువా రెరుగుదురు, ఆ పురుగు తన దారముతో తనకే గూడు కట్టుకొనును. ఈ చీమపిల్ల మాత్రము తన దారమును ఇంటికే ఇచ్చివేసి, తాను ఏ కప్పును లేకయే చీమగా మారును.

రాణి ఒక్కతియే. ఆమె ప్రజ కొన్ని చెట్లమీద, పెక్కు గూళ్ళలో, లక్షల సంఖ్యలో నుండవచ్చును. పెద్దచీమలు వేటాడి కాపు కాయును. చిన్నవి గూటిలో పిల్లలను సాకును.

ఇక రైతు మాట. ఈ చీమకు కొండి లేదు. కరచి, కరచినచోట ఆమ్లము చిమ్మును. కాయకోతకు ఎక్కినవారు పడు బాధ సామాన్యము కాదు. కనుక గూటిని కాల్చుటయో, మందు కొట్టుటయో తోచుట సహజము. కాని చీనాదేశమున క్రీ.శ. 304 నాటిదని చెప్పబడు గ్రంథములోనే, నారింజతోటలవారు ఈ చీమల గూళ్ళను సంతలో కొని చెట్లకు కట్టుకొనిరని యున్నది! ఇటీవల ఆస్ట్రేలియాలోను, ఆఫ్రికాలోని బెనిన్ దేశములోను జరిగిన పరిశీలనలలో, ఈ చీమలున్న మామిడిచెట్ల కాయలకు పండుఈగ బెడద తగ్గినట్లు తేలెను. ఆ ఈగ చిన్న శత్రువు కాదు. దాని మూలముననే ఐరోపా సమాఖ్య 2014 మే నెలలో భారతదేశపు మామిడిపండ్లను నిషేధించి, 2015లో గాని ఆ నిషేధమును ఎత్తివేయలేదు.

అట్లని చీమ కేవలము రైతుబంధువని చెప్పజాలము. తీపిరసమునకై అది పిండినల్లిని కాపాడును. పిండినల్లి చెట్టు రసమును పీల్చును. కావున నా మాట ఇంతే: నిప్పు ముట్టించుటకు ముందు ఆ కొమ్మలను ఒకసారి పరికింపుడు. పిండినల్లి గుంపులుగా పట్టియున్నచో ఆ గూటిని తీసివేయుడు. లేనిచో దానిని ఉండనిండు. కోతరోజున చేతులకు, కొమ్మలకు బూడిద రాచుకొని పని సాగించు పద్ధతి అన్యదేశములలో కలదు. మన ఇండ్లలో బూడిదకు కొదువ యేమి?