గుమ్మం ముందు ఇసుక... నాలాలో పూడిక!

పాతబస్తీలో ఎవరైనా ఇల్లు కడుతుంటే ఆ సంగతి గల్లీయే చెబుతుంది. దారిలో సగం ఇసుక, మిగతా సగం కంకర. అరవై, డెబ్భై గజాల జాగాలో సామాను పెట్టుకోవడానికి చోటేదీ? ఇంతలో గట్టి వాన పడిందా... డబ్బు పోసి కొన్న ఇసుక కాలువలోకి, అక్కణ్నుంచి నాలాలోకి!

అమెరికాలో ఎకరం, అంతకు మించిన నేలలో మట్టి తవ్వి కట్టాలంటే, అది వాననీటితో కొట్టుకుపోకుండా ఏం చేస్తారో ముందే రాసి పర్మిట్ తీసుకోవాలి. ఎకరమంటే 4,840 గజాలు. మన దగ్గర 2020లో వచ్చిన టీఎస్‌-బీపాస్ చట్టం 75 గజాల్లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదంది. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. పేదవాడికి మేలే. అయితే మినహాయింపు అనుమతికే, బాధ్యతకు కాదు. నిర్మాణ వ్యర్థాలతో రోడ్డుకు, కాలువకు అడ్డం రాకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనలు చిన్నాపెద్దా అందరికీ చెప్పాయి.

2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఆ వరదకు ఇసుక కుప్పలే కారణమనలేం. కానీ పూడిన నాలాలో నీళ్లు త్వరగా పోవు.

మరేం చేయాలి? ఇసుక విడతలుగా తెప్పించుకోండి. కుప్ప చుట్టూ రెండు వరుసల ఇటుకలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పండి. సిమెంటు తట్టలు కాలువలో కడగొద్దు. పాత గోడల శిథిలాలు నాలా ఒడ్డున పోయించొద్దు. మీ ఇసుక మీ గోడకే దక్కుతుంది... పక్కింటి గుమ్మంలోకి నీళ్లు రావు!