చిన్న మందిరానికి బీమా: ఎవరి పేరిట, ఎంత మొత్తానికి, ఏ ప్రమాదానికి

బరంపురంలో స్థిరపడిన తెలుగువారికి అక్టోబరు మాసాన్ని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు మధ్యలో గంజాం తీరాన్ని పెనుగాలి దెబ్బతీసింది. అదే నెల 29న పారాదీప్ వద్ద సూపర్ సైక్లోన్ విరుచుకుపడడంతో గంజాం కష్టం లోకం దృష్టిలో మరుగున పడింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి, ఇటు గంజాం, గజపతి జిల్లాలను వరదలతో ముంచెత్తింది. ప్రతిసారీ ఎగిరిపోయిన పైకప్పులలో ఇళ్లవీ ఉన్నాయి, బడులవీ ఉన్నాయి, చిన్న చిన్న ప్రార్థనా మందిరాలవీ ఉన్నాయి.

ఇల్లు దెబ్బతింటే ప్రభుత్వ విపత్తు సహాయ నిబంధనలలో దానికొక పద్దు ఉంది. ప్రార్థనా మందిరాన్ని ఆ పద్దు క్రింద ఇల్లుగా లెక్కించరు. కనుక చందాలతో కట్టుకున్న మందిరం కూలితే, మళ్లీ చందాలే దిక్కు, లేదా బీమా. పెద్ద సంఘాలకు ఆస్తి వ్యవహారాలు చూసే కేంద్ర కార్యాలయాలు ఉంటాయి. అద్దె హాలులోనో, సందు చివర రేకుల కప్పు క్రిందనో ఆదివారం తెలుగు ఆరాధన జరుపుకొనే నలభై, యాభై కుటుంబాల సంఘానికి ఆ అండ ఉండదు. ఈ వ్యాసం ప్రధానంగా అటువంటి వారికోసం. చిన్న గుడి, చిన్న మసీదు నిర్వహించే కమిటీలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

తెలుగులో చదివి చెప్పమని మా వద్దకు తెచ్చే కాగితాలలో బీమా పత్రాలు తరచుగా కనిపిస్తాయి. వాటిని తెచ్చేవారు మొదట అడిగే ప్రశ్న ‘ప్రీమియం ఎంత?’ అని. నష్టం జరిగిన తరువాత తెచ్చేవారు ఆ మాట ఎత్తరు. పాలసీ ఎవరి పేరిట ఉంది, ఎంత మొత్తానికి ఉంది, ఏ ప్రమాదానికి ఉంది అన్న మూడు ప్రశ్నల వద్దే వారి వ్యవహారం ఆగిపోయి ఉంటుంది. ఈ మూడింటికీ సమాధానం సిద్ధం చేసుకొన్న తరువాతనే బీమా కార్యాలయానికి వెళ్లడం మేలు.

పేరు సంగతి ముందు చూద్దాం. ఒక వస్తువు నశిస్తే ఎవరికి ఆర్థికంగా నష్టం కలుగుతుందో వారే దానిని బీమా చేయగలరు. దీనిని బీమాయోగ్య ప్రయోజనం అంటారు. స్థలం పట్టా సొసైటీ పేరిట ఉండి, పాలసీ సంఘ కాపరి సొంత పేరిట ఉంటే, క్లెయిమ్ సమయంలో ‘ఈ భవనంలో మీ ప్రయోజనం ఏమిటి?’ అన్న ప్రశ్న తప్పదు. నేను అనువదించిన ఒక కాగితంలో సరిగ్గా ఇదే జరిగింది. కాపరి సదుద్దేశంతో తన బ్యాంకు ఖాతా నుండి ప్రీమియం కట్టి, తన పేరిటే పాలసీ తీసుకొన్నారు. పైకప్పు పోయిన తరువాత, ఆ భవనం సొసైటీదే అని నిరూపించే కాగితాలే ఆయనకు అడ్డు వచ్చాయి. కాబట్టి తహసీల్దారు కార్యాలయం నుండి పొందిన హక్కు పత్రంలో, నగరపాలక సంస్థ హోల్డింగ్ ట్యాక్స్ రసీదులో, సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ పత్రంలో పేరు ఏ విధంగా ఉందో, పాలసీలోనూ అక్షరం తేడా లేకుండా ఆ విధంగానే ఉండాలి. ఒడియా పత్రంలో ఒక తీరుగా, ఇంగ్లీషు పత్రంలో మరొక తీరుగా పేరు రాసి ఉండడం మన నగరంలో సర్వసాధారణం. అటువంటి తేడా ఉంటే దానిని ముందే సరిచేయించుకోండి. అద్దె హాలులో ఆరాధన జరుపుకొనేవారు భవనాన్ని బీమా చేయనవసరం లేదు. అది యజమాని బాధ్యత. వారు సామగ్రికి, బయటివారికి కలిగే గాయాల బాధ్యతకు మాత్రమే రక్షణ తీసుకొంటే చాలు.

ఇక పాలసీ రకం. జీవిత బీమా సంస్థ భవనాలకు బీమా చేయదు. భవనాల బీమా సాధారణ బీమా సంస్థల పని. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనేవి నాలుగు ప్రభుత్వ రంగ సంస్థలు. ప్రైవేటు సంస్థలు ఇంకా అనేకం. ఏ సంస్థ వద్దకు వెళ్లినా, 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ అందరికీ ఒకే తీరు షరతులతో కొన్ని ప్రామాణిక పాలసీలను అమలులోకి తెచ్చింది. నివాస గృహాలకు ‘భారత్ గృహ రక్ష’. ఒక ప్రాంగణంలోని ఆస్తి విలువ మొత్తం 5 కోట్ల రూపాయలు మించని, నివాసేతర సంస్థలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’. ఇక్కడ ‘ఉద్యమ్’ హిందీ మాట, సంస్థ లేదా వ్యాపారం అని అర్థం. మన ఉద్యమానికీ దీనికీ సంబంధం లేదు. పత్రం చూసి ఇదేదో పోరాట సంఘాలకు సంబంధించిన పథకమని ఒక పెద్దాయన వెనక్కు ఇచ్చివేయబోయారు.

చిన్న మందిరానికి సాధారణంగా సరిపోయేది ఈ రెండవదే. ప్రీమియం తక్కువ పడుతుందని ఎవరైనా మందిరానికి గృహ రక్ష పాలసీ ఇవ్వజూపితే అంగీకరించవద్దు. ప్రాంగణంలో కాపరి కుటుంబం నివసించే ఇల్లు ఉంటే దానికి గృహ రక్ష విడిగా తీసుకోవచ్చు. ఇంటి ముందు గదిలోనే ఆరాధన జరుగుతూ ఉంటే, ఆ సంగతి దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. తాటాకు, వెదురు, టార్పాలిన్ కప్పు ఉంటే దానిని కచ్చా నిర్మాణంగా పరిగణిస్తారు; అదీ దాచకూడదు. దరఖాస్తులో చెప్పని ముఖ్య విషయం క్లెయిమ్ తిరస్కరణకు కారణం కాగలదు.

మొత్తం ఎంత ఉండాలన్న చోటనే ఎక్కువమంది పొరపడతారు. స్థలం ధరను లెక్కలో చేర్చవద్దు. గాలికి స్థలం పోదు. ఎన్నడో కట్టినప్పుడు అయిన ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవద్దు. ఈ రోజు అదే భవనాన్ని అదే తీరున మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందన్నది కావాలి. దీనినే పునర్నిర్మాణ విలువ అంటారు. స్థానిక మేస్త్రీని లేదా ఇంజనీరును అడిగి చదరపు అడుగుకు నేటి ఖర్చు రాయించుకోండి. ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల మందిరానికి చదరపు అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలు అవుతుందని అనుకొందాం. ప్రీమియం తగ్గించుకొనేందుకు 10 లక్షలకే బీమా చేశారు. తుపానులో 4 లక్షల నష్టం జరిగింది. నష్టం 10 లక్షల లోపే కదా, మొత్తం వస్తుందని సంఘం ఆశిస్తుంది. రాదు. విలువలో సగానికే బీమా చేశారు గనుక నష్టంలోనూ సగమే, అంటే 2 లక్షలే లెక్కకు వస్తుంది. అందులో నుండి పాలసీదారు తానే భరించవలసిన భాగాన్ని మినహాయిస్తారు. సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో 15 శాతం వరకు తేడాను మన్నిస్తారు. పై ఉదాహరణలో 17 లక్షలకు బీమా చేసి ఉంటే ఈ కోత పడదు. సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతున్న కాలంలో మూడేళ్ల నాటి అంకెనే ప్రతి ఏడూ నకలు చేయడం ఆ 15 శాతాన్ని తినివేస్తుంది.

భవనం అంటే నాలుగు గోడలే కాదు. ప్రహరీ గోడ, గేటు, గంట స్తంభం, నీటి ట్యాంకు, పైకప్పు మీది సిలువ, పేరు పలక వంటి వాటిని కూడా జాబితాలో చేర్చి వాటి విలువను మొత్తంలో కలపాలి. పెనుగాలికి మొదట పడేవి ఇవే. సామగ్రికి మరొక జాబితా అవసరం: మైకులు, స్పీకర్లు, కీబోర్డు, ఇన్వర్టరు, బ్యాటరీలు, కుర్చీలు, ఫ్యాన్లు. వస్తువు, కొన్న సంవత్సరం, ధర రాసి, రసీదులు జతచేసి, గదిగదికీ ఫోటోలు తీసి ఉంచుకోండి. సంఘం సభ్యులు కానుకగా ఇచ్చిన వాద్యాలకు రసీదులు ఉండవు. ఇచ్చినవారి చేత ఒక కాగితం రాయించుకొని దస్తావేజులలో పెట్టుకోవడం తేలిక పని.

ప్రమాదాల విషయానికి వస్తే, ఈ ప్రామాణిక పాలసీలలో అగ్ని, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం వంటివి ఉంటాయి. పాత తరహా అగ్ని బీమా పాలసీలలో తుపాను, వరద భాగాన్ని, అల్లర్ల భాగాన్ని తొలగించుకొని ప్రీమియంలో తగ్గింపు పొందే వీలుండేది. ఆ తగ్గింపు మన ప్రాంతానికి తగదు. గంజాంలో గాలివాన రక్షణ లేని భవన బీమా తీసుకోవడం గొడుగు ఇంట్లో పెట్టి వానలో బయలుదేరడమే. అల్లర్ల రక్షణ కూడా ఊహామాత్రం కాదు. 2008లో పొరుగునున్న కంధమాల్ జిల్లాలో చర్చిలు దగ్ధమైన సంగతి ఈ ప్రాంతం వారికి తెలిసినదే.

పాలసీలో లేనివి కూడా తెలిసి ఉండాలి. వోల్టేజి హెచ్చుతగ్గులకు లేదా షార్ట్ సర్క్యూట్‌కు ఆంప్లిఫయరు కాలిపోతే, ఆ ఆంప్లిఫయరు నష్టాన్ని అగ్ని బీమా భరించదు; దాని నుండి మంటలు ఇతర వస్తువులకు వ్యాపిస్తే ఆ నష్టాన్ని భరిస్తుంది. దొంగతనానికి ప్రత్యేక పాలసీ అవసరం. తుపాను వంటి ఘటన జరిగిన 7 రోజులలోపు, ఆ ఘటన కారణంగానే జరిగిన దొంగతనాన్ని మాత్రమే ప్రామాణిక పాలసీ అంగీకరిస్తుంది. దొంగతనం పాలసీలో కూడా తాళం పగలగొట్టిన లేదా బలవంతంగా ప్రవేశించిన ఆనవాలు ఉండాలి. తలుపు తెరిచి ఉన్నప్పుడు మాయమైన కీబోర్డుకు పరిహారం ఆశించవద్దు. కానుకల పెట్టెలోని నగదుకు నగదు బీమా అని వేరొకటి ఉంది. చిన్న సంఘానికి దానికంటే ఆదివారం సాయంత్రమే డబ్బును బ్యాంకు డిపాజిట్ మెషీనులో వేయడం చౌక. మందిరం మరమ్మతుల కోసం లేదా మరే కారణం వల్లనైనా 30 రోజులకు మించి మూతబడితే ముందుగా సంస్థకు తెలిపి రాతపూర్వక అంగీకారం పొందండి.

మనుషుల విషయాన్ని చాలా కమిటీలు మరచిపోతాయి. క్రిస్మస్ పందిరి కూలి ఒక బాలుడికి కాలు విరిగితే, విందు భోజనం వికటించి పదిమంది ఆసుపత్రి పాలైతే, ఆ బాధ్యత నిర్వాహకుల మీద పడవచ్చు. దీనికి ప్రజా బాధ్యత బీమా అనే విడి పాలసీ ఉంది. ఏడాదికి రెండు మూడు పెద్ద సభలు జరిపే సంఘాలు దీనిని గురించి తప్పక విచారించాలి. కాపరికి, కావలివానికి, వంటమనిషికి బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా లభిస్తుంది. వయస్సు 18 నుండి 70 సంవత్సరాల మధ్య ఉండాలి. ఆ 20 రూపాయలు కట్టలేని సంఘం ఉండదు. అయినా కట్టించని సంఘాలు ఉన్నాయి.

ప్రీమియం అందే వరకు బీమా మొదలు కాదని 1938 బీమా చట్టం 64 వీబీ విభాగం చెబుతుంది. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత కొత్త పాలసీ కోసం పరుగెత్తితే ఏ సంస్థ అయినా వెనుకాడుతుంది. ఏజెంటు చేతికి డబ్బు ఇచ్చి ఊరుకోక, సంస్థ పేరిట చెక్కు గాని ఆన్‌లైన్ చెల్లింపు గాని చేసి రసీదు తీసుకోండి. పాలసీ పత్రం ఇంగ్లీషులో వచ్చినప్పుడు కనీసం ఒక పుట, అంటే షెడ్యూలు పుట, చదివించుకోండి. పేరు, చిరునామా, మొత్తాలు, ప్రమాదాలు అందులోనే ఉంటాయి.

నష్టం జరిగితే ఆ రోజే సంస్థకు ఫోనులోనూ రాతపూర్వకంగానూ తెలియజేయాలి. మరింత నష్టం కలగకుండా టార్పాలిన్ కప్పవచ్చు, తడిసిన సామగ్రిని పొడి చోటికి మార్చవచ్చు. అయితే సర్వేయరు చూసే వరకు శిథిలాలను తొలగించవద్దు. శుభ్రం చేసి పెడదామన్న మంచి ఉద్దేశంతో యువకులు అంతా ఊడ్చివేస్తే, చూపడానికి ఏమీ మిగలదు. అగ్ని ప్రమాదమైతే అగ్నిమాపక కేంద్రం నివేదిక, దొంగతనం లేదా విధ్వంసమైతే పోలీసు ఫిర్యాదు నకలు అడుగుతారు.

క్లెయిమ్ తిరస్కరించినా, తక్కువ ఇచ్చినా మొదట సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆ తరువాత బీమా నియంత్రణ సంస్థ నిర్వహించే బీమా భరోసా వేదికకు 155255 నంబరులో చెప్పవచ్చు. భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, కానీ అది ప్రధానంగా వ్యక్తుల, అతి చిన్న సంస్థల ఫిర్యాదులను వింటుంది. సొసైటీ ఫిర్యాదును స్వీకరిస్తుందో లేదో ముందే కనుక్కోండి. బరంపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ మరొక మార్గం.

పాలసీ గడువు ప్రతి ఏటా ఏప్రిల్‌లో ముగిసేలా పెట్టుకొంటే, పునరుద్ధరణ పని వానాకాలానికీ అక్టోబరుకీ ముందే పూర్తవుతుంది. షెడ్యూలు పుట నకలును, సామగ్రి జాబితాను, ఫోటోలను మందిరంలో కాక, కోశాధికారి ఇంట్లోనూ మరొక సభ్యుని ఫోనులోనూ ఉంచండి. తిత్లీ తరువాత నా వద్దకు వచ్చిన ఒక సంఘం వారి కాగితాలన్నీ బల్ల సొరుగులోనే ఉన్నాయి. ఆ బల్ల నడుము లోతు నీటిలో ఉంది.