మీకు తెలుసా? ఫ్లెమింగోలకూ పాత నేస్తాలుంటాయి

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్‌ సరస్సులో చలికాలమంతా ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తుంటాయి. మన కంటికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. వాటికి మాత్రం ఏది తమ నేస్తమో తెలుసు! ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌ పక్షి కేంద్రంలో 2012 నుంచి 2016 దాకా ఫ్లెమింగోలను గమనించారు. ఏళ్లు గడిచినా చాలా పక్షులు అవే నేస్తాల పక్కన నిలబడ్డాయి. జతకట్టినవే కాదు, ఆడవాటికి ఆడవి, మగవాటికి మగవి, మూడు నాలుగు కలిసిన జట్లూ కనిపించాయి. గిట్టని పక్షి దగ్గరకు పోనివీ ఉన్నాయి, ఎంత అద్భుతం! అక్కడ కాలి ఉంగరాలను బట్టి ఒక్కో పక్షినీ గుర్తుపట్టారు. వలస వచ్చిపోయే పులికాట్‌ గుంపుల్లో అలా వెంబడించడం చాలా కష్టం.